ఏ1 అంటే మనిషా, కాగితమా?

నల్లగొండ కోర్టు ఆవరణలో ఒక ఉదయం మా పెద్దనాయన ముఖం పాలిపోవడం చూశాను. అన్నదమ్ముల భూమి పంపకం విషయంలో దావా వేసింది ఆయనే, అంటే ఆయన వాది. వకీలు గారి గుమస్తా కట్టలోని కాగితాలు సర్దుకుంటూ, "ఏ1 ఇంకా మార్క్ కాలేదు, ఈ వాయిదాకన్నా ఏ1ను ముందుకు తేవాలె" అని పక్కనున్న వ్యక్తితో అన్నాడు. ఆ మాట చెవిన పడగానే పెద్దనాయన నా చెయ్యి పట్టుకుని, "కేసు వేసింది నేనైతే నన్నెందుకు ఏవన్ చేసిండ్రురా?" అని అడిగాడు. రోజూ పేపరు చదివే మనిషికి ఏ1 అంటే మొదటి నిందితుడు. గుమస్తా మాటలో ఏ1 అంటే 1978 నాటి క్రయ దస్తావేజు.

ఇద్దరిలో ఎవరి అర్థమూ తప్పు కాదు. మన సివిల్ కోర్టుల్లో వాది దాఖలు చేసిన కాగితాలకు ఏ1, ఏ2, ఏ3 అని, ప్రతివాది దాఖలు చేసిన కాగితాలకు బీ1, బీ2 అని వరుసగా గుర్తులు వేస్తారు. అదే ఆవరణలోని క్రిమినల్ కోర్టులో ఏ1 అంటే అభియోగపత్రంలో మొదట పేరున్న నిందితుడు. అక్కడ కాగితాల గుర్తులు వేరు: ప్రాసిక్యూషన్ తెచ్చినవి పీ1, పీ2 అవుతాయి, నిందితుల తరఫున వచ్చినవి డీ1, డీ2 అవుతాయి, కత్తో కర్రో దొరికితే అది ఎంఓ1 అవుతుంది, మొదటి సాక్షి పీడబ్ల్యూ1 అవుతాడు. ఒక హాలులో ఏ1 బోనులో నిలబడితే, పక్క హాలులో ఏ1 కట్టలో పడుకుని ఉంటుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నిందితుల వరుస సంఖ్య నేర తీవ్రతకు కొలత కాదు, అది పేర్లు రాసిన క్రమం మాత్రమే. ఎఫ్‌ఐఆర్‌లో ఏ3గా ఉన్న మనిషి అభియోగపత్రం నాటికి ఏ1 కావచ్చు, అసలు జాబితాలోనే లేకుండా పోవచ్చు. అయినా వార్తల్లో పదే పదే వినిపించి ఏ1 అన్న మాటకు "అసలు దోషి" అన్న ధ్వని అంటుకుంది. పెద్దనాయనను భయపెట్టింది ఆ ధ్వనే.

ఆయనను కుదుటపరచడానికి గేటు బయట చాయ్ బండి దగ్గరికి తీసుకెళ్లాను. దాని రేకు మీద "ఏ-వన్ టీ" అని రాసి ఉంది. ఇక్కడి ఏ1 నిందితుడూ కాదు, కాగితమూ కాదు, మేలిరకం అన్న మెప్పు. ఈ మెప్పు పుట్టిల్లు లండన్‌లోని ఓడల రిజిస్టరు. పద్దెనిమిదో శతాబ్దంలో లాయిడ్స్ రిజిస్టర్ అనే సంస్థ, బీమా చేసేవాళ్ల సౌకర్యం కోసం, ప్రతి ఓడకూ ఒక గుర్తు ఇచ్చేది. అందులో అక్షరం ఓడ పొట్ట దృఢత్వాన్ని, అంకె లంగరు, మోకులు వంటి సామగ్రి స్థితిని చెప్పేవి. రెండూ మొదటి తరగతివైతే ఆ ఓడ ఏ1. ఆ గుర్తు ఓడలను వదిలి బజారుకు వచ్చి, చివరికి సముద్రమే లేని మన జిల్లాల్లో మిర్చి బజ్జీకి, బిర్యానీకి, టైలరింగ్ దుకాణానికి పేరై కూర్చుంది.

పాల ప్యాకెట్ల దగ్గరికి వస్తే ఈ మెప్పు తలకిందులవుతుంది. ఏ1 పాలు, ఏ2 పాలు అన్న ప్రచారంలో గొప్పగా చెప్పుకునేది ఏ2నే. పాలలోని బీటా కేసిన్ అనే మాంసకృత్తికి ఉన్న రెండు రూపాల పేర్లు ఇవి. ఆ గొలుసులో 67వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారడమే రెండింటికీ తేడా. అక్కడ ప్రొలిన్ ఉంటే ఏ2, హిస్టిడిన్ ఉంటే ఏ1. దేశవాళీ ఆవుల్లో, గేదెల్లో ఏ2 రూపమే ఎక్కువ. ఈ తేడాను ఆరోగ్య ప్రయోజనంగా చూపి అమ్మడం మీద ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2024 ఆగస్టులో అభ్యంతరం చెప్పి, ప్యాకెట్ల మీద ఆ గుర్తులు తీసేయమంది, కొద్ది రోజులకే ఆ ఆదేశాన్ని వెనక్కు తీసుకుంది. ఏ1 అంటే మేలైనది అనుకుని పాలు కొనేవారికి అమ్మకందారు ఏ2 చూపించి ఎక్కువ ధర అడిగితే అయోమయం కలగడంలో వింత లేదు.

షుగరు ఉన్న ఇళ్లలో ఇంకో ఏ1 ఉంది, హెచ్‌బీఏ1సీ. డాక్టర్లు క్లుప్తంగా "ఏ1సీ ఎంత?" అంటారు. ఇందులో ఏ అన్నది పెద్దవారి హిమోగ్లోబిన్‌ను, 1సీ అన్నది ప్రయోగశాలలో ఆ హిమోగ్లోబిన్‌ను భాగాలుగా వేరు చేసినప్పుడు విడిపోయిన ఒక చిన్న భాగాన్ని సూచిస్తాయి. రక్తంలో చక్కెర ఎక్కువైనకొద్దీ హిమోగ్లోబిన్‌కు అంటుకునే చక్కెరా పెరుగుతుంది. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి ఈ పరీక్ష గత రెండు మూడు నెలల సగటును చూపుతుంది, 6.5 శాతం, అంతకు మించి వస్తే మధుమేహంగా లెక్కిస్తారు. ఈ ఏ1 ఎంత తక్కువ ఉంటే అంత సంతోషం.

తోకమాట

ఇన్ని ఏ1ల మధ్య మనం రోజూ తడబడకుండా ఎలా బతుకుతున్నాం? తెలుగు వాడుక దీనికి ఒక సులువైన ఏర్పాటు చేసుకుంది. గుర్తు వెనక ఒక తోకమాట తగిలిస్తుంది. సీసీ అన్న రెండక్షరాలనే చూడండి. ఊళ్లో సీసీ రోడ్డు అంటే సిమెంటు కాంక్రీటు, కూడలిలో సీసీ కెమెరా అంటే బయటికి ప్రసారం కాని మూసిన వలయం, 100 సీసీ బండి అంటే ఇంజను లోపలి చోటును ఘన సెంటీమీటర్లలో చెప్పిన కొలత, బ్యాంకులో సీసీ ఖాతా అంటే క్యాష్ క్రెడిట్, క్రిమినల్ కోర్టులో సీసీ నంబరు అంటే క్యాలెండర్ కేసు. సీసీ రోడ్డు మీద 100 సీసీ బండి నడుపుతూ సీసీ కెమెరాకు దొరికినవాడు సీసీ నంబరుతో కోర్టుకు వెళ్లినా ఎవరికీ గందరగోళం కలగదు, ఎందుకంటే రోడ్డు, బండి, కెమెరా, నంబరు అన్న మాటలు వెంట ఉన్నాయి.

తోకమాట ఊడిపోయేది వృత్తి లోపల. రోజూ అదే పని చేసేవారికి ఆ మాట అనవసరపు బరువు. గుమస్తాకు ప్రపంచంలో ఒకటే ఏ1 ఉంది కాబట్టి అతను "ఏ1 దస్తావేజు" అనడు. ఎక్సైజ్ ఆఫీసులో "ఏ4" అంటే చాలు, చిల్లర మద్యం దుకాణం అని అర్థం. ఆ లైసెన్సు ఇచ్చే ఫారం పేరే ఏ4. బార్లకైతే 2బీ. తెలంగాణలో 2,620 ఏ4 దుకాణాలను రెండేళ్లకోసారి లాటరీ పద్ధతిలో కేటాయిస్తున్నారు, తిరిగి రాని దరఖాస్తు రుసుము 2023లో 2 లక్షల రూపాయలు, 2025లో 3 లక్షలు. ఆ దరఖాస్తులు తీసుకునే రోజుల్లో జిల్లా కేంద్రంలోని జిరాక్స్ దుకాణాల్లో "ఏ4" అన్న మాటకు రెండు అర్థాలూ ఒకే కౌంటరు మీద తిరుగుతుంటాయి. ఏ4 కోసం ఏ4 మీద దరఖాస్తు. జిల్లా పేజీలో ఆ పక్క వార్తలోనే "ఏ4 పరారీలో ఉన్నాడు" అని కనిపిస్తే అతను నాలుగో నిందితుడు.

కాగితపు ఏ4కు, దుకాణపు ఏ4కు ఒక మౌలికమైన తేడా ఉంది, అక్కడ కాస్త ఆగాలి. కాగితం పేరులోని 4 ఒక లెక్క. ఏ0 అనే పెద్ద కాగితం వైశాల్యం ఒక చదరపు మీటరు, కొలత 841 x 1,189 మిల్లీమీటర్లు. దాన్ని సగానికి మడిచి కోస్తే ఏ1, మళ్లీ సగం ఏ2, అలా నాలుగుసార్లు కోస్తే 210 x 297 మిల్లీమీటర్ల ఏ4. ఎన్నిసార్లు కోసినా నిడివికీ వెడల్పుకూ మధ్య నిష్పత్తి మారదు, అది 2 యొక్క వర్గమూలానికి (సుమారు 1.414కు) ఒకటి. అందుకే రెండు ఏ4 పుటలను పక్కపక్కన పెట్టి ఒక ఏ4 మీదికి తగ్గించి జిరాక్స్ తీస్తే అంచులు వృథా కావు. ఒక ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు కాబట్టి, 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు) అని రాసిన కట్టలో ఒక్కో కాగితం సరిగ్గా 5 గ్రాములు తూగాలి. మద్యం దుకాణం పేరులోని 4ను మాత్రం ఎంత తరిచినా ఏ లెక్కా బయటికి రాదు. అది ఫారం వరుసలో దక్కిన చోటు, అంతే.

మాట్లాడే అంకెలు, మాట్లాడని అంకెలు

ఈ తేడా రైతుకు బాగా తెలుసు, పేరు పెట్టి చెప్పకపోయినా. మిర్యాలగూడ చుట్టుపక్కల ఎరువుల దుకాణానికి వచ్చి "ఇరవై-ఇరవై, రెండు బస్తాలు; ఇరవై ఎనిమిది, ఒకటి" అన్న మనిషి వాడేవి మాట్లాడే అంకెలు. 20-20-0-13 అని బస్తా మీద ఉంటే అందులో నత్రజని 20 శాతం, భాస్వరం 20 శాతం, పొటాష్ సున్నా, గంధకం 13 శాతం. యాభై కిలోల బస్తాలో పది కిలోల నత్రజని, పది కిలోల భాస్వరం, ఆరున్నర కిలోల గంధకం ఉన్నట్టు. డీఏపీ అయితే 18-46-0. ఇక్కడా ఒక మెలిక ఉంది: పై 20లాగే ఆ 46 కూడా అసలు భాస్వరం మూలకం శాతం కాదు, దాన్ని భాస్వరపు ఆక్సైడుగా లెక్కగట్టిన శాతం. మూలకంగా చూస్తే డీఏపీలో 20 శాతమే ఉంటుంది. క్రికెట్‌లోనూ ఇరవై ఇరవై ఉంది, అదీ మాట్లాడే అంకే, ఒక్కో జట్టుకు ఇరవై ఓవర్లు.

అదే రైతు వరి విత్తనాల దగ్గరికి వెళ్లగానే అంకెలు మూగవవుతాయి. ఎంటీయూ 1010, ఎంటీయూ 1001, బీపీటీ 5204, ఆర్ఎన్ఆర్ 15048. ఇందులో అక్షరాలకు అర్థం ఉంది, అవి పుట్టిన ఊళ్లు: ఎంటీయూ మార్టేరు, బీపీటీ బాపట్ల, ఆర్ఎన్ఆర్ రాజేంద్రనగర్. అంకెలు మాత్రం పరిశోధన కేంద్రంలో ఆ వంగడానికి పడిన నమోదు సంఖ్యలు. 1010 అన్నది 1001 కంటే తొమ్మిది పాళ్లు మెరుగు అని కాదు, 15048 అన్నది 5204 కంటే మూడింతలు దిగుబడి ఇస్తుందనీ కాదు. అందుకే వీటికి పిలుచుకునే పేర్లు కావలసి వచ్చాయి. 1010 కాటన్ దొర సన్నాలు అయింది, 1001 విజేత అయింది, 5204 సాంబ మసూరి అయింది, 15048 తెలంగాణ సోనా అయింది. మిల్లు దగ్గర బేరంలో మాత్రం "బీపీటీ", "ఆరెన్నార్" అన్న ఊళ్ల పేర్లే నిలిచాయి. బాపట్లలో పుట్టిన వంగడాలు ఇంకా ఉన్నా, బీపీటీ అంటే ఆ ఒక్కటే. ఇక హెచ్‌ఎంటీ బియ్యం కథ అన్నిటికంటే చిత్రం. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా నాందేడ్ గ్రామపు చిన్న రైతు దాదాజీ ఖోబ్రగడే తన పొలంలో ఏరి పెంచిన ఆ రకానికి, ఆ రోజుల్లో అందరి కళ్లలో పడ్డ చేతి గడియారం పేరు పెట్టారు. హిందుస్థాన్ మెషిన్ టూల్స్ అన్న కంపెనీకీ మన పళ్లెంలో అన్నానికీ ఉన్న చుట్టరికం అంతవరకే.

ఆస్పత్రిలో రెండు రకాల అంకెలూ కలిసే ఉంటాయి. థైరాయిడ్ పరీక్షలో టీ3, టీ4 అన్నవి మాట్లాడే అంకెలు, ఆ హార్మోను అణువులో అయోడిన్ పరమాణువులు మూడా నాలుగా అన్నది చెబుతాయి. బీ12 మూగది. విటమిన్లకు వరుస సంఖ్యలు ఇస్తూ పోయినప్పుడు దక్కిన చోటు అది. బీ4, బీ8, బీ10, బీ11 ఏమయ్యాయని అడిగితే, మొదట విటమిన్లు అనుకుని తరువాత కావని తేల్చి వరుస నుంచి తీసేశారు. ఖాళీలు అలాగే ఉండిపోయాయి. డీ1 కూడా అలాగే, రెండు పదార్థాల మిశ్రమం అని తేలి పేరు పోయింది, డీ2, డీ3 మిగిలాయి. నల్లగొండ పక్క ఊళ్లలో డీ-40 అంటే విటమిన్ల వరుస ఎక్కడికో పోయిందని ఎవరూ అనుకోరు, అది శ్రీశైలం ఎడమగట్టు కాల్వ నుంచి చీలిన పంపిణీ కాల్వ. పాలమూరు వైపు కల్వకుర్తి ఎత్తిపోతలలో డీ-82 ఉంది. డీ అంటే డిస్ట్రిబ్యూటరీ.

ఎస్1 గురించి కూడా ఒక మాట. నడుము నొప్పితో స్కానింగు తీయించుకున్నవారికి ఎల్5-ఎస్1 అన్న మాట పరిచయమే. నడుము పూసల్లో ఐదోది, దాని కింద త్రికాస్థిలో మొదటిది కలిసే చోటు అది. గుండె చప్పుళ్లలో మొదటిదీ ఎస్1. నారాయణాద్రి రైల్లో తిరుపతికి టికెట్ తీసుకుంటే ఎస్1 అంటే మొదటి స్లీపర్ పెట్టె, బీ1 మూడంతస్తుల ఏసీ పెట్టె, ఏ1 రెండంతస్తుల ఏసీ పెట్టె. కోర్టులో ఏ1 అయిన మనిషి బెయిలు మీద ఉంటే ఏ1లో ప్రయాణించడానికి అడ్డేమీ లేదు.

అంకె వెనక అక్షరం

ఇంతవరకు అక్షరం ముందు, అంకె వెనక ఉన్న గుర్తులు చూశాం. క్రమం తిరగబడితే సంగతి మరీ చిక్కుపడుతుంది, నష్టమూ ఎక్కువ, ఎందుకంటే అది భూమి దగ్గరికి వస్తుంది.

సర్వే నంబరు 120 ఉందనుకోండి. అది అన్నదమ్ముల మధ్య చీలినప్పుడు 120/అ, 120/ఆ అవుతుంది. వాళ్ల పిల్లల మధ్య చీలితే 120/అ/1, 120/అ/2 అవుతుంది. వీటిని బై నంబర్లు అంటారు. ఇక్కడ అక్షరం ముక్కను సూచిస్తుంది, అంటే 120/అ అన్నది 120లో భాగం. చట్టంలో ఇదే ఆకారం సరిగ్గా వ్యతిరేకమైన పని చేస్తుంది. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షన్ 22వ సెక్షన్‌లో ముక్క కాదు, అసలు చట్టం వచ్చిన చాలా కాలానికి 22కూ 23కూ మధ్య ఇరికించిన కొత్త నిబంధన. తరువాతి సంఖ్యలన్నీ కదలకుండా ఉండడానికి చట్టం రాసేవారు ఇలా అక్షరం తగిలిస్తారు. రాజ్యాంగంలో తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు వర్తించే 371-డీ అలా వచ్చిందే, విద్యాహక్కు చెప్పే 21-ఏ అలా వచ్చిందే. కాబట్టి సర్వే నంబరులో అక్షరం విభజన, సెక్షన్‌లో అక్షరం చేర్పు. ఒక పొలం 120/అ అయి ఉండి, 22-ఏ జాబితాలో పడితే, మొదటి అక్షరం ఎవరి వాటా అన్నది చెబుతుంది, రెండోది అది అమ్మడానికి వీల్లేదని చెబుతుంది.

బై నంబర్లలో మరో ప్రమాదం లిపి వల్ల వస్తుంది. గ్రామ భూమి రికార్డులైన పహాణీల్లో ఉన్నవి తెలుగు అక్షరాలు: అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ. దస్తావేజు ఇంగ్లిషులో రాసినప్పుడు అ ఒకే అక్షరమై, ఆ అదే అక్షరం రెండుసార్లు అవుతుంది. రాసేవారి చెయ్యి తొందరలో ఒకటి మింగితే అన్న పొలం తమ్ముడిదవుతుంది. అదీ కాక, ఇంగ్లిషు వర్ణమాలలో మొదటి అక్షరాన్ని తెలుగులో ఏ అని రాస్తాం, తెలుగు వర్ణమాలలో ఏ ఎక్కడో చాలా తరువాత వస్తుంది. 120/ఏ అని ఒక కాగితంలో ఉంటే అది మొదటి ముక్కా, చివర్లో పడ్డ ముక్కా అన్నది అక్షరాన్ని చూసి చెప్పలేం, విస్తీర్ణం, హద్దులు, పట్టాదారు పేరు చూసి తేల్చుకోవాలి. చాలా చోట్ల ఈ ముక్కలు పహాణీలోనే పడ్డాయి తప్ప నేల మీద గొలుసు పెట్టి కొలిచి రాళ్లు నాటలేదు. అందువల్ల అక్షరం ఒక్కటే హద్దురాయి అయింది. నా దృష్టిలో మన వైపు భూ తగాదాల్లో కొన్ని నేల మీద కంటే ఈ గీత పక్కన అక్షరం దగ్గరే మొదలవుతాయి.

ఇంకా చెప్పాలంటే 1-బీ ఉంది, భూమి హక్కుల రికార్డు నకలు. మండల ఆఫీసులో "బీ ఫారం దొరికిందా?" అని ఎవరైనా అడిగితే, అడిగినవాడు రైతా, ఎన్నికల్లో టికెట్ ఆశిస్తున్న నాయకుడా అన్నది చూడాలి. పార్టీ ఫలానా మనిషిని తన అభ్యర్థిగా ప్రకటిస్తూ ఎన్నికల అధికారికి ఇచ్చే కాగితం కూడా బీ-ఫారమే.

జీవోల విషయం దీనికి కొంచెం భిన్నం. జీవో నంబర్లు ప్రతి శాఖకూ వేరుగా, ప్రతి సంవత్సరం జనవరిలో మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. కాబట్టి 58వ నంబరు జీవోలు ఎన్నో ఉంటాయి. అయినా "58, 59 జీవోలు" అంటే ప్రభుత్వ స్థలాల్లో కట్టుకున్న ఇళ్ల క్రమబద్ధీకరణకు రెవెన్యూ శాఖ 2014 డిసెంబరు 30న ఇచ్చినవే అని అందరికీ తెలుసు, "610" అంటే స్థానికేతర ఉద్యోగులను వెనక్కు పంపమన్న 1985 నాటిదే. ఇక్కడ శాఖ పేరు, తేదీ చేయవలసిన పనిని ప్రసిద్ధి చేసిపెడుతోంది. అంత ప్రసిద్ధి లేని జీవోను నంబరుతో మాత్రమే చెబితే ఆఫీసులో ఎవరూ తీసి ఇవ్వలేరు.

పుస్తకం మారినప్పుడు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకే కాలంలో వేర్వేరు చోట్ల ఉన్న అర్థాలు. ఒకే చోట, ఒకే పనికి వాడే సంఖ్య అర్థం మారినప్పుడు తోకమాట కూడా ఆదుకోదు. షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా వెళ్లే రహదారిని పాలమూరులో పెద్దలు ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డు అంటారు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ రహదారి తొమ్మిదో నంబరు. 2010లో జాతీయ రహదారులకు కొత్త సంఖ్యలు ఇచ్చినప్పుడు మొదటిది 44 అయింది, రెండోది 65 అయింది. పాత 7, 9 సంఖ్యలు ఖాళీగా ఉండిపోలేదు, పంజాబ్ నుంచి ఉత్తరాఖండ్ వైపు వెళ్లే రెండు రోడ్లకు వెళ్లాయి. నిజానికి కొత్త పద్ధతిలో సంఖ్య మాట్లాడుతుంది. ఉత్తర దక్షిణాలుగా వెళ్లే ప్రధాన రహదారికి సరి సంఖ్య, తూర్పు పడమరలుగా వెళ్లేదానికి బేసి సంఖ్య. మూడంకెల సంఖ్య అయితే చివరి రెండూ తల్లి రోడ్డువి. నకిరేకల్ నుంచి నల్లగొండ మీదుగా సాగర్ వైపు పోయే 565, కల్వకుర్తి మీదుగా శ్రీశైలం పోయే 765, రెండూ 65 పిల్లలే. మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, మిర్యాలగూడ, కోదాడలను కలిపే 167 మాత్రం 67 సంతానం. పాత 7కు, 9కి ఇలాంటి వ్యాకరణం లేదు, అయినా జనం నోట నిలిచింది అవే.

పంతంగి టోల్ ప్లాజా దగ్గర అర్ధగంట నిలబడితే ఇంకో ఉదాహరణ కళ్లముందే వెళ్తుంది. ఏపీ 24, టీఎస్ 05, టీజీ 05 అన్న మూడు పలకలూ నల్లగొండ బండ్లవే. మొదటిది 2014 జూన్‌కు ముందుది, రెండోది ఆ తరువాతది, మూడోది 2024 మార్చి తరువాతది. పాలమూరుకు ఇదే లెక్కలో ఏపీ 22, ఆపై 06. వాటి మధ్య ఏపీ 05 అన్న పాత బండి విజయవాడ వైపు నుంచి వస్తే అది తూర్పు గోదావరిది. 05 ఒక్కటే, ముందున్న రెండక్షరాలు తీసేస్తే కాకినాడా నల్లగొండా ఒకటైపోతాయి. ఆర్టీసీ బస్సుల జెడ్ సిరీస్ మాత్రం ఈ మార్పులన్నిటిలోనూ చెక్కుచెదరలేదు.

శిక్షాస్మృతి మారడం వీటన్నిటికంటే బరువైన మార్పు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్యకు 302 అన్నది పిల్లలకు కూడా తెలిసిన సంఖ్య, కొత్త చట్టంలో హత్యకు శిక్ష 103వ సెక్షన్‌లో ఉంది. కొత్త 302 మత మనోభావాలను గాయపరిచే మాటలకు సంబంధించినది. మోసానికి 420 ఇప్పుడు 318కి మారింది. మొత్తం 358 సెక్షన్లే కాబట్టి కొత్త చట్టంలో 420 లేనే లేదు, "వాడు ఫోర్ ట్వంటీ గాడు" అన్న తిట్టు మాత్రం చట్టం అండ లేకుండానే బతుకుతుంది. గుంపులు కూడవద్దని పెట్టే 144 సెక్షన్ శిక్షాస్మృతిది కాదు, నేర విచారణ చట్టానిది, కొత్తదానిలో అది 163. పాత తేదీన జరిగిన నేరాలకు పాత చట్టమే వర్తిస్తుంది కాబట్టి కొన్నేళ్లపాటు ఒకే కోర్టులో ఒకే రోజు రెండు 302లు పిలుస్తారు. ఎఫ్‌ఐఆర్ నకలు చదివేటప్పుడు సంఖ్యకంటే ముందు దాని పక్కన ఏ చట్టం పేరు ఉందో, నేరం జరిగిన తేదీ ఏదో చూసుకోవాలి.

మోసగాళ్లకు కూడా ఈ గుర్తుల సంగతి బాగా తెలుసు. పార్సిలు వచ్చిందని ఫోను చేసినవాడు "పిన్ చెప్పండి" అంటే ఊరి పిన్ కోడ్ అనుకోవడం సహజం, 1972 నుంచి ఉత్తరాల మీద రాస్తున్నదే కదా. నల్లగొండకు 508001, మహబూబ్‌నగర్‌కు 509001, అందరికీ చెప్పవలసిన సంఖ్య. బ్యాంకు పిన్ ఎవరికీ చెప్పకూడని సంఖ్య. తపాలా సూచిక సంఖ్యకూ వ్యక్తిగత గుర్తింపు సంఖ్యకూ ఇంగ్లిషులో మొదటి అక్షరాలు ఒకటే కావడం వల్ల, చెప్పవలసినదానికీ దాచవలసినదానికీ ఒకే పేరు పడింది. పిన్ కోడ్‌కు ఆరంకెలు, ఏటీఎం పిన్‌కు సాధారణంగా నాలుగు అన్న తేడాను నమ్ముకోవడానికీ లేదు, యూపీఐ పిన్ ఆరంకెలది కూడా ఉంటుంది.

మా పెద్దనాయన దస్తావేజు చివరికి ఆ మధ్యాహ్నమే మార్క్ అయింది. 1978లో రాసిన కాగితం కాబట్టి అందులో మండలం లేదు, తాలూకా ఉంది, సర్వే నంబరు పక్కన బై నంబరు లేదు. దావా షెడ్యూలులో వకీలు గారు పాతదీ కొత్తదీ రెండూ రాశారు, విస్తీర్ణం ఎకరాల్లో గుంటల్లో ఇచ్చి, నాలుగు వైపులా హద్దుదారుల పేర్లు పెట్టారు. కోర్టు సిబ్బంది కాగితం వెనక ముద్ర వేసి, ఏ1 అని రాసి, దాని పైన దావా నంబరు, సంవత్సరం వేశారు. పెద్దనాయన కళ్లద్దాలు పెట్టుకుని ఆ పై వరుసను రెండుసార్లు చదువుకున్నాడు. రేపు అప్పీలుకు పోయి ఈ కట్ట రికార్డు గది నుంచి తీయవలసి వస్తే, అక్కడి అరల్లో ఉన్న వేల ఏ1లలో ఇది ఏదో చెప్పేది ఆ వరుసే.